భోజనం తర్వాత ‘బీడీ’

మీ హెల్త్ రూమ్ నర్సు, రాయదుర్గం శాఖ



పోయిన వానాకాలంలో ఒక సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు రెండో తరగతి బాబు ఒకడు హెల్త్ రూమ్‌కి వచ్చాడు. చేతిలో జ్వరం సిరప్ సీసా, దానికి రబ్బరు బ్యాండుతో కట్టిన చీటీ. చీటీలో వాళ్లమ్మ రాసింది ఒకటే ముక్క: ‘8 ఎం.ఎల్., ఎస్‌ఓఎస్’. థర్మామీటరు పెడితే 101 ఉంది. కొలత మూతలో సిరప్ పోయబోతూ, అలవాటు కొద్దీ సీసా తిప్పి చూశాను. 5 ఎం.ఎల్.లో 250 మి.గ్రా. అని ఉంది. ఆ లెక్కన 8 ఎం.ఎల్. అంటే 400 మి.గ్రా. బాబు బరువు 18 కిలోలు. ఎక్కడో తేడా కొట్టింది. మూత పక్కన పెట్టి వాళ్లమ్మకు ఫోన్ చేశాను.

ఆవిడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసు మీటింగులో ఉంది. పాపం, వెంటనే బయటికొచ్చి డాక్టరు చీటీ ఫొటో పంపింది. అందులో ఉన్నది 125 సిరప్. ఆదివారం రాత్రి యాప్‌లో ఆర్డరు పెడితే అది లేదని 250 తెచ్చి ఇచ్చారు. పేరు అదే, డబ్బా రంగు అదే. అంకె ఒక్కటే వేరు.

అసలు భయం ఆ తర్వాత వేసింది. “చివరిసారి మందు ఎప్పుడు వేశారు?” అని అడిగితే ఆవిడకు తెలియదు. రాత్రంతా బాబు దగ్గర ఉన్నది నానమ్మ. జగిత్యాల నుంచి మనవడి కోసం వచ్చి ఉంటోంది. ఆమెకు ఫోన్ కలిపితే, “పదింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి, పొద్దుగాల ఆరింటికి ఒకసారి పోసిన బిడ్డా. ఎస్‌ఓఎస్ అంటే అర్జెంటు గద. నిద్ర ఆపుకొని మరీ పోసిన” అంది.

లెక్క చూడండి. పిల్లలకు పారాసిటమాల్ ఒక్క డోసు కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా. రోజు మొత్తానికి సాధారణంగా కిలోకు 60 దాటనివ్వరు. ఆ బాబుకు రోజంతా కలిపి 1,080 మి.గ్రా. గరిష్ఠం. ఎనిమిది గంటల్లో పడింది 1,200. నేను కూడా ప్రేమగా ఇంకో మూత పోసి ఉంటే 1,600. డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆ మందు ఆపించి, వెంటనే తీసుకురమ్మన్నారు. బాబు బాగానే ఉన్నాడు. గురువారం బడికి వచ్చి, లంచ్‌లో బంగాళాదుంప వేపుడు చాలలేదని నాకు చెప్పి వెళ్లాడు. జ్వరం ఉన్న పిల్లల్ని బడికి పంపడం గురించి నా అభిప్రాయం వేరే ఉంది, అది ఇంకో నెల రాస్తాను.

ఇందులో ఎవరి తప్పు ఉంది? డాక్టరు రాసింది సరైన మందే, సరైన కొలతే. తల్లి ఆ చీటీలో ఉన్నదే ఉన్నట్టుగా నాకు రాసింది. నానమ్మ నిద్ర మానుకుని మనవణ్ని చూసుకుంది. కానీ డాక్టరు రాసిన ఆ మూడు అక్షరాలు ముగ్గురి చేతులు మారేసరికి ముగ్గురికి మూడు అర్థాలైంది. ఎస్‌ఓఎస్ అంటే ఓడ మునిగిపోతున్నప్పుడు పంపే సంకేతం కాదండీ. లాటిన్‌లో ‘సి ఓపస్ సిట్’ అనే మాటకు పొట్టి రూపం. అర్థం: ‘అవసరమైతేనే’. నానమ్మ అనుకున్నదానికి పూర్తిగా ఎదురు.

మన రాయదుర్గంలో ఈ సంగతి మాట్లాడటం కొంచెం తమాషాగానే ఉంటుంది. మీలో చాలామంది రోజంతా పొట్టి అక్షరాలతోనే బతుకుతారు. ఎస్‌ఎల్‌ఏ, యూఏటీ, కేటీ, ఈఓడీ. మా బడి మాత్రం తక్కువా? పీటీఎం, ఎఫ్‌ఏ, ఎస్‌ఏ. ఆఫీసులో అర్థం కాని అక్షరం కనబడితే మీటింగు ఆపి మరీ అడిగే మనిషి, డాక్టరు గది నుంచి బయటికొచ్చి మందుల షాపు ముందు నోరు తెరవడు. మందుల షాపు అబ్బాయి స్ట్రిప్పు మీద స్కెచ్ పెన్నుతో రెండు గీతలు గీసి ఇస్తే అదే వేదం. ఈ మొహమాటం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే దాన్ని పెంచి పోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. నర్సింగ్ చదివేటప్పుడు ఈ అక్షరాలు నేర్చుకోవడం మాకు గొప్ప. మొదటి సంవత్సరంలోనే బీడీ, టీడీఎస్ అని గబగబా రాసేస్తుంటే మా ఊళ్లో నన్ను సగం డాక్టరులా చూసేవారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో, డిశ్చార్జి అవుతున్న పెద్దాయనకు చీటీ చదివి వినిపించాను: “ఈ గోలీ వారం రోజులు, భోజనం తర్వాత బీడీ.” ఆయన నా వంక అనుమానంగా చూసి, “నిన్ననే కదమ్మా మానెయ్యమన్నారు” అన్నాడు. దగ్గుతో చేరిన మనిషి. ముప్పై ఏళ్ల అలవాటును డాక్టరు మాట మీద వారం కిందట వదిలేశాడు. నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

బీడీ అంటే లాటిన్‌లో ‘రోజుకు రెండుసార్లు’. టీడీఎస్ అంటే మూడుసార్లు. జీతంలో కోసే పన్ను కాదు. క్యూఐడీ నాలుగుసార్లు. ఓడీ రోజుకు ఒకసారి, కానీ కంటి డాక్టరు చీటీలో అదే ఓడీ ‘కుడి కన్ను’ అవుతుంది. హెచ్‌ఎస్ పడుకునే ముందు. ఏసీ తినకముందు, పీసీ తిన్న తర్వాత. స్టాట్ అంటే ఇప్పుడే, ఈ క్షణమే. నిజంగా అర్జెంటుకు వాడే మాట అది. చీటీ పైన ఉండే ‘ఆర్‌ఎక్స్’ గుర్తు కూడా లాటిన్ మాటే, ‘తీసుకో’ అని. అదే ఆర్‌ఎక్స్ మందుల స్ట్రిప్పు మీద, పక్కన నిలువు ఎర్ర గీతతో కనబడితే, డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు అని అర్థం. పోయినసారి దగ్గుకు రాసిన యాంటీబయాటిక్ మిగిలింది కదా అని ఈసారి తమ్ముడికి వేసే ఇళ్లు ఆ గీతను ఒకసారి చూడాలి.

అయితే ఈ జాబితా కంఠస్థం చేయండి అని చెప్పడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. నిజానికి నా అభిప్రాయం దానికి వ్యతిరేకం. ఆరోగ్య పేజీల్లో ‘మీకు తెలియాల్సిన యాభై వైద్య పదాలు’ అనే పట్టికలు వస్తుంటాయి. అవి కత్తిరించి ఫ్రిజ్ మీద అతికిస్తారు. మూడో రోజు నుంచి ఎవరూ చూడరు. ఒకవేళ మీరు నేర్చుకున్నా, రాత్రి రెండింటికి మందు పోసే నానమ్మ నేర్చుకోదు, మధ్యాహ్నం పాపను చూసుకునే ఆయా నేర్చుకోదు. మందు ఎవరి చేతి నుంచి పిల్లల నోట్లోకి వెళ్తుందో వాళ్లకు అర్థమయ్యే మాటల్లో రాసిందే మందుల చీటీ.

ఈ పోరాటం మన దగ్గరే మొదలైందని ఎంతమందికి తెలుసు? నల్లగొండలో మందుల షాపు నడిపే ఫార్మసిస్టు చిలుకూరి పరమాత్మ గారు, తప్పు ఇంజెక్షన్ పడి ఒక చిన్నారి ప్రాణం పోయిందన్న వార్త చదివి, డాక్టర్ల అర్థంకాని చేతిరాత మీద 2014లో హైదరాబాద్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. కౌంటరు వెనక నిలబడి రోజూ ఆ చీటీలు చదివే మనిషి వేసిన కేసు అది. 2016లో భారత వైద్య మండలి తన నిబంధన మార్చి, మందుల పేర్లు జెనరిక్ పేర్లతో, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని డాక్టర్లకు చెప్పింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 2025 ఆగస్టులో, పంజాబ్ హరియాణా హైకోర్టు చదవగలిగే మందుల చీటీ రోగి ప్రాథమిక హక్కు అంది. రెండేళ్లలో చీటీలన్నీ కంప్యూటర్ మీదికి రావాలని, అప్పటిదాకా పెద్ద అక్షరాల్లో రాయాలని ఆదేశించింది.

మన వైపు పెద్ద ఆసుపత్రుల్లో చీటీలు ఇప్పటికే ప్రింటులో వస్తున్నాయి. చేతిరాత గొడవ చాలావరకు పోయింది. కానీ ఎంత పెద్ద అక్షరాల్లో ప్రింటు వేసినా బీడీ బీడీయే. రాత మారింది కానీ భాష మారలేదు. నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది, అది కూడా డాక్టర్లదే: 1-0-1. ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. చదువు లేనివాళ్లకు కూడా వేలితో చూపించి చెప్పొచ్చు. దీనికి లాటిన్ అక్కర్లేదు.

డాక్టర్లు సమయం లేక అలా రాస్తారు, వాళ్ల మధ్య అవి కచ్చితమైన మాటలే కదా అని మీరు అనవచ్చు. ఓపీలో గంటకు ఎంతమందిని చూడాలో నాకు తెలుసు, కాబట్టి కాదనను. కానీ వాళ్ల మధ్య కూడా అవి అంత కచ్చితం కావు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2004లో ‘వాడకూడని సంక్షిప్తాలు’ అని ఒక జాబితానే పెట్టింది. ఇన్సులిన్ యూనిట్లను ఒక్క ‘యూ’ అక్షరంతో రాస్తే అది సున్నాలా కనబడి, పది యూనిట్లు వందైపోతాయి. 1.0 అని రాస్తే చుక్క కనబడక 10 అవుతుంది. ముందు సున్నా లేకుండా .5 రాస్తే 5 అవుతుంది. వాటిని చదివి పొరబడేది చదువుకున్న నర్సులే, ఫార్మసిస్టులే. మరి మన నానమ్మను ఏమనగలం?

సంక్షిప్తాల కంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టేవి అంకెలు. జ్వరం సిరప్ మన షాపుల్లో మూడు బలాల్లో దొరుకుతుంది. 5 ఎం.ఎల్.లో 120 లేదా 125 ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకొకటి. పసిపిల్లలకు వాడే చుక్కల మందు మూడోది. అందులో ఒక్క ఎం.ఎల్.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. చిన్న సీసా కాబట్టి తక్కువ బలం అనుకుంటారు. చుక్కల మందు 5 ఎం.ఎల్. పోస్తే 500 మి.గ్రా. పడుతుంది, పెద్దవాళ్లు మింగే మాత్రంత. ఇంట్లో చంటిబిడ్డ, బడి పిల్ల ఇద్దరూ ఉంటే ఈ రెండు సీసాలు ఒకే డబ్బాలో పెట్టకండి. ‘ఎన్ని ఎం.ఎల్.’ అన్నది సగం సమాచారమే. ‘ఏ బలం సిరప్’ అన్నది మిగతా సగం. పాత చీటీల్లో టీఎస్‌పీ అంటే టీ చెంచా, 5 ఎం.ఎల్.; టీబీఎస్‌పీ అంటే పెద్ద చెంచా, 15 ఎం.ఎల్. వంటింటి చెంచాలు ఈ రెండింటిలో దేనికీ సరిపోవు. సీసాతో వచ్చిన మూత పారేయకండి.

యాంటీబయాటిక్‌ల పేరు చివర ఉండే 625, 457 లాంటివి కూడా చాలామందికి బ్రాండు పేరులో భాగంలా వినబడతాయి. అమాక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ కలిసిన మందులో 625 అంటే 500, 125 కలిపిన మొత్తం. సిరప్‌లో 457 అంటే 400, 57. అక్కకు 457 రాశారు, తమ్ముడికి 228.5 రాశారు, “ఒకటే మందు కదా సిస్టర్, ఒకే సీసా చాలదా?” అని అడిగిన తండ్రి ఉన్నాడు. అడిగాడు కాబట్టి ఆయనంటే నాకు గౌరవం.

పేరు చివరి అక్షరాలది ఇంకో కథ. డీటీ అంటే నీళ్లలో కరిగే మాత్ర, చెంచాడు నీళ్లలో కలిపి ఇవ్వచ్చు. ఎండీ నోట్లోనే కరుగుతుంది. డీఎస్ అంటే రెట్టింపు బలం. ఎస్‌ఆర్, సీఆర్, ఈఆర్ అని ఉంటే మాత్రం, మందు గంటల తరబడి కొద్దికొద్దిగా విడుదలయ్యేలా తయారుచేశారని. దాన్ని పొడి చేసి తేనెలో కలిపితే పూట మొత్తానికి పోవలసింది ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. ఫిట్స్‌కు వాడే కొన్ని మాత్రలు ఇలాంటివే. పిల్ల మింగలేకపోతోందని రోట్లో నూరి పంపిన పొట్లం నా టేబుల్ మీదికి ఒకసారి వచ్చింది. ఏ మాత్ర నూరారో పొట్లం మీద లేదు. నేను ఇవ్వలేదు, ఇంటికి ఫోన్ చేశాను. ఆ తల్లికి నా మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉందేమో.

ఇక రిపోర్టులు. ల్యాబ్ నుంచి ఫోన్‌కి పీడీఎఫ్ వస్తుంది, డాక్టరు అపాయింట్‌మెంట్ రేపు సాయంత్రం. ఈ మధ్యలో గడిచే రాత్రి మీ అందరికీ తెలుసు. మన హైదరాబాద్‌లో సీబీపీ అనేదాన్నే బయటి ఊళ్లలో సీబీసీ అంటారు, రెండూ రక్తంలో కణాల లెక్కే. సీయూఈ మూత్ర పరీక్ష. పక్కన ‘హెచ్’ అని ఉంటే ఎక్కువ, ‘ఎల్’ అని ఉంటే తక్కువ. కానీ దేనికంటే ఎక్కువ? చాలా రిపోర్టుల్లో పక్కన అచ్చువేసే కొలతలు పెద్దవాళ్లవి. ఎదిగే పిల్లల్లో ఎముకలు పెరుగుతుంటాయి కాబట్టి లివర్ పరీక్షలో ఏఎల్‌పీ అనే అంకె పెద్దవాళ్ల కంటే సహజంగానే ఎక్కువ. చిన్నపిల్లల్లో లింఫోసైట్లు కూడా అంతే. కింద పిల్లల కొలతలు ఇచ్చారా లేదా అన్నది మొదట చూడాలి. పోయినేడాది ఏడో తరగతి అమ్మాయి తల్లి ఏఎల్‌పీ పక్కన ‘హెచ్’ చూసి రాత్రంతా ఏడ్చి, పొద్దున్నే బడికి సెలవు చీటీ పంపింది. ఆ అమ్మాయి ఆ ఏడాది బాగా పొడుగైంది, అంతే.

డెంగీ కాలంలో అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల మీదే ఉంటాయి. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు మామూలు. ఎనభై వేలు అనగానే బొప్పాయి ఆకు రసం, వాట్సాప్‌లో రక్తదాతల కోసం వేట. డెంగీలో డాక్టరు ప్లేట్‌లెట్లతోపాటు పీసీవీ అనే ఇంకో అంకెను చూస్తారు. రక్తం చిక్కబడుతోందా అన్నది అది చెబుతుంది. రక్తస్రావం లేకుంటే ప్లేట్‌లెట్లు పది వేల కిందికి పడితే తప్ప సాధారణంగా ఎక్కించరు. జ్వరం తగ్గిన రోజే జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, పిల్ల మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనబడినా అంకె కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మొదటి రోజుల్లో చేసే ఎన్‌ఎస్1 పరీక్ష, ఐదో రోజు తర్వాత చేసే ఐజీఎం పరీక్ష ఒకటి కావు. నాలుగో రోజు ఐజీఎం ‘నెగెటివ్’ వచ్చిందని డెంగీ లేదనుకోవద్దు.

అన్నట్టు ఇదే పీసీవీ మీ పాప టీకాల కార్డులో కూడా ఉంటుంది. అక్కడ అది నిమోనియా రాకుండా వేసే టీకా. ఎంఆర్ అంటే కార్డులో తట్టు, రుబెల్లా టీకా. మాత్ర పేరు చివర మందు విడుదలయ్యే తీరు. డాక్టరు గది బయట బ్యాగుతో నిలబడే మనిషి కూడా ఎంఆరే. కాబట్టి “ఫోన్‌లో వెతికితే వస్తుంది కదా” అనేవాళ్లకు నా జవాబు ఇదే. వస్తుంది, నాలుగు అర్థాలు వస్తాయి. మీ పిల్ల చీటీలో ఉన్నది అందులో ఏదో, పిల్ల బరువెంతో ఫోన్‌కు తెలియదు. టీకాల కార్డు తీశారు కాబట్టి ఒక మాట: 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ అని ఉంటుంది. ధనుర్వాతానికి, కంఠసర్పికి కలిపి వేసేది. బడి పిల్లల్లో ఎక్కువమందికి తప్పిపోయే టీకా నా లెక్కలో ఇదే.

కొన్ని మాటలు పొట్టివి కావు, అయినా తప్పుదారి పట్టిస్తాయి. ‘అక్యూట్’ అంటే హఠాత్తుగా మొదలైనది, కొద్దికాలం ఉండేది. మన పత్రికలు దాన్ని ‘తీవ్ర’ అని రాస్తాయి, అందుకే అక్యూట్ అనగానే ఇంట్లో అందరి ముఖాలూ మారిపోతాయి. జలుబు కూడా అక్యూటే. జబ్బు పేరు ముందు ప్రశ్నార్థకం ఉంటే అనుమానమే తప్ప తేలలేదని అర్థం. ఎన్‌ఏడీ అంటే తేడా ఏమీ కనబడలేదని. వాంతులు విరేచనాలతో వచ్చిన అబ్బాయి చీటీలో ‘ఏజీఈ’ అని చూసి, “వయసు రాయడం మర్చిపోయినట్టున్నారు” అని పెన్ను తీసి తొమ్మిది అని నింపిన తండ్రి కూడా మన బడి తండ్రే. ఏజీఈ అంటే అక్యూట్ గ్యాస్ట్రోఎంటరైటిస్, వాంతులు విరేచనాల జబ్బు పేరు.

బీమా సంగతి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను, అది మీకే నాకంటే బాగా తెలుసు. డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టే ముందు ‘కే/సీ/ఓ’, ‘హెచ్/ఓ’ అని మొదలయ్యే వాక్యాలు చదవండి. ‘ఈ జబ్బు ముందే ఉన్నట్టు తెలిసినది’, ‘గతంలో ఉన్నది’ అని వాటి అర్థం. మూడు నెలల కిందట వచ్చిన ఆయాసం మూడేళ్లదని పడితే క్లెయిము దగ్గర చిక్కు అక్కడే మొదలవుతుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కార్యాలయం మనకు దగ్గర్లో నానక్‌రామ్‌గూడలోనే ఉంది. క్యాష్‌లెస్ అనుమతి గంటలోపు, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలని ఆ సంస్థ 2024లో చెప్పింది. మీ ఆసుపత్రి రికార్డు మీరు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 నుంచీ ఉన్న వైద్య మండలి నిబంధన. అడగాలి, అంతే.

డాక్టర్లకు ఇన్ని చెప్పి మా బడిని వదిలేస్తే న్యాయం కాదు. అడ్మిషన్ అప్పుడు మీతో నింపించే ఆరోగ్య ఫారంలో ‘ఎన్‌కేడీఏ’ అని ఒక గడి ఉంది. ‘తెలిసినంతలో ఏ మందూ పడకపోవడం లేదు’ అని దానికి అర్థం. చాలా ఫారాల్లో ఆ గడిలో ‘నో’ అని ఉంది. అలర్జీ లేదు అనా? లేక ‘ఎన్‌కేడీఏ కాదు’, అంటే అలర్జీ ఉంది అనా? పిల్ల ఒళ్లంతా దద్దుర్లతో నా ముందు నిలబడిన రోజు ఆ ‘నో’ నాకు ఏ సహాయం చేస్తుంది? ఆ గడి తీసేసి, ‘మీ పిల్లకు ఏ మందు, ఏ తిండి పడదు? పడకపోతే ఏమవుతుంది?’ అని తెలుగులోనూ ఇంగ్లిషులోనూ అడగమని ఆఫీసుకు రాసి ఇచ్చాను. వచ్చే ఏడాది ఫారంలో మారుస్తామన్నారు. అంతవరకు ఆగలేను. అందుకే మీలో ఎవరి పిల్లలకు ఏది పడకపోయినా డైరీ చివరి పేజీలో పూర్తి మాటల్లో రాసి ఈ వారంలోనే పంపండి.

ఇక నాకు పంపే మందుల చీటీ గురించి. బీడీ అని రాసిన మందు అసలు బడికి పంపనక్కర్లేదు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి ఇంట్లోనే అయిపోతుంది. టీడీఎస్ అయితే, “బడి వేళల్లో పడకుండా రెండు పూటల మందు ఉందా?” అని డాక్టరును అడిగి చూడండి, చాలాసార్లు ఉంటుంది. బడిలో వేయక తప్పని మందైతే పిల్ల పేరు, తరగతి, బరువు, మందు పేరు, సీసా మీద ఉన్న బలం, ఎన్ని ఎం.ఎల్., గడియారం ప్రకారం ఎన్నింటికి, తిన్నాకా తినకముందా అన్నవి రాయండి. అన్నిటికంటే ముఖ్యంగా, చివరి డోసు ఎన్ని గంటలకు, ఎవరు వేశారో రాయండి. తెలుగులో రాసినా ఇంగ్లిషులో రాసినా నాకు ఒకటే. సంక్షిప్తాలు ఉన్న చీటీ వస్తే మందు వేసే ముందు ఫోన్ చేస్తాను. మీటింగులో ఉన్నా దయచేసి ఎత్తండి. విసుక్కుంటారని తెలుసు, అయినా చేస్తాను.

డాక్టరు దగ్గర కూడా ఒక్క నిమిషం అడగండి. లేచి వచ్చే ముందు చీటీ ఆయన ముందే పెట్టి, “ఇంట్లో మా అత్తగారు వేస్తారండీ, ఆమెకు ఎలా చెప్పాలో మీరే ఒకసారి చెప్పండి” అనండి. నాకు తెలిసిన పిల్లల డాక్టర్లలో ఎవరూ దీనికి కోప్పడలేదు. ఒకాయన అయితే చీటీ వెనక్కి తిప్పి సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసి ఇచ్చారు.

ఆ జగిత్యాల నానమ్మ దసరా సెలవుల ముందు పీటీఎంకు కోడలితో కలిసి వచ్చింది. నా గదిలోకి వచ్చి సంచిలోంచి తెలుగు క్యాలెండరు తీసి చూపించింది. బాబుకు జలుబు చేసిన వారంలో ప్రతి తేదీ కింద గళ్లలో, తిథుల పక్కనే, పెన్సిలుతో రాసుకుంది: ‘పొద్దుగాల 8, ఎర్ర సీసా, 5’, ‘రాత్రి 8, ఎర్ర సీసా, 5’. ఒక గడిలో మాత్రం ‘వెయ్యలే, జరం లేదు’ అని ఉంది.